మైదానములో పెరిగిన జట్టు

స్నేహితులు పదిమంది ఒకచోట చేరినప్పుడు ఆటలను గూర్చి మాటలాడుకొనుట లోకసహజము. ఎవరు గొప్ప బ్యాట్స్‌మన్, ఎవరు గొప్ప బౌలరు, ఏ ఆటగానిని ఏ స్థానమున నిలుపవలెను అను వాదములకు మా మర్రిగూడ రచ్చబండ మొదలుకొని పట్టణములలోని హోటలు బల్లల వరకు అంతము లేదు. ఈ వాదమునే ఒక ఆటగా మలచినవారు అమెరికా దేశస్థులు. అచ్చట బేస్‌బాల్ జనాదరణ పొందిన క్రీడ. 1960లో విలియం గామ్సన్ అను సాంఘికశాస్త్రవేత్త తన మిత్రులతో కలిసి, నిజమైన ఆటగాండ్ర పేర్లను కాగితముపై వ్రాసికొని, ఆ యేడు మైదానములో వారు చూపిన ప్రతిభను అంకెలలో లెక్కించి, గెలుపోటములు నిర్ణయించుకొను పోటీ నొకదానిని ప్రారంభించెను. ఇరువది యేండ్ల తరువాత, 1980లో, డేనియల్ ఓక్రెంట్ అను రచయిత న్యూయార్కులోని మిత్రులతో చేరి దానికి స్థిరమైన నిబంధనలు కూర్చెను. వారు కలిసికొను భోజనశాల పేరునుబట్టి దానికి రోటిసరీ లీగు అను పేరు స్థిరపడెను.

ఆట పద్ధతి చాల సులభము. మిత్రులలో ప్రతివాడును ఒక జట్టుకు యజమాని. అందరికిని సమానమైన సొమ్ము ఉన్నట్లు భావించి, ఆటగాండ్రను వేలములో పాడుకొందురు. తన పేర ఎవరు ఏ పాట పాడిరో ఆ ఆటగానికి తెలియదు. అతడు తన ఊరిలో తన ఆట తాను ఆడుకొనుచుండును. ఇచ్చట మిత్రులు మరునాటి పత్రిక తెరచి, అతని అంకెలను తమ పద్దులో వ్రాసికొందురు. ఋతువు ముగియునప్పటికి ఎవరి పద్దు పెద్దదో వారిది గెలుపు. ఈ ఆటకు రూపము దిద్దిన ఓక్రెంట్ తాను మాత్రము ఎన్నడును గెలువలేదట!

ఈ కాగితపు ఆట తరువాతి కాలమున క్రికెట్టు వేషము ధరించి మన దేశమునకు వచ్చెను, చేతి ఫోనులలో ప్రవేశించెను. దానితోపాటు పందెపు సొమ్మును ప్రవేశించెను. పదునొకండు పేర్లు ఎన్నుకొనుట నేర్పా, జూదమా అను వివాదము న్యాయస్థానముల వరకు నడచెను. తెలంగాణ రాష్ట్రము 2017లో సొమ్ము పెట్టి ఆడు ఇట్టి ఆటలను నిషేధించెను. 2025లో పార్లమెంటు దేశమంతటికిని వర్తించు చట్టము చేసెను. పందెము తొలగినను స్నేహితుల నోటు పుస్తకము మిగిలియే ఉన్నది. అందు దోషమేమియు లేదు.

ఇట్టి మిత్రబృందములలో అప్పుడప్పుడు ఒక విచిత్రము సంభవించును. ఒకని జట్టు మొదటి వారము నుండియు ముందంజ వేసి, తక్కిన వారికి అందకుండ పోవును. మొదట మెచ్చుకోలు, పిమ్మట అసూయ, ఆ పిమ్మట విసుగు. తుదకు అందరును కలిసి అతనిని ఓడించు ఉపాయము లాలోచింతురు. అతడు ఏ విధముగా గెలిచెనని అడిగిన, సమాధానము ఒక్కటే: మంచి ఆటగాండ్రను ముందుగా గుర్తించి ఎన్నుకొనెను. కాగితము మీద ఎన్నికయే సర్వస్వము. కాని మైదానముమీద ఏ జట్టైన ఏండ్ల తరబడి ఓటమి నెరుగక నిలిచినచో, దానికి కారణము ఎన్నిక మాత్రమేనా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు మనము అమెరికా పోనక్కరలేదు. మన హైదరాబాదులోనే అట్టి జట్టు ఒకటి ఉండెను. అది హైదరాబాదు నగర పోలీసు ఫుట్‌బాల్ జట్టు.

శ్రోతలలో పెద్దలకు 1950వ సంవత్సరము జ్ఞాపకముండును. దేశము గణతంత్రమైన యేడు అది. హైదరాబాదులోని దక్కన్ రేడియో ఏప్రిల్ 1వ తేదీన ఆకాశవాణిలో చేరిన యేడును అదియే. ఆ యేడు హైదరాబాదు పోలీసు జట్టు బొంబాయి వెళ్ళి రోవర్సు కప్పు గెలిచెను. రోవర్సు కప్పు 1891లో ఆంగ్లేయులు నెలకొల్పిన పోటీ. దానికంటె పాతది 1888లో వెలసిన డ్యూరాండు కప్పు. 1950లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండు పోటీలో మన పోలీసులు కలకత్తాకు చెందిన మోహన్ బగాన్ జట్టును ఓడించి, ఆ కప్పును కూడ తెచ్చిరి. ఫుట్‌బాలనగా కలకత్తా, కలకత్తా యనగా ఫుట్‌బాల్ అని లోకము తలచుచున్న రోజులవి. దక్కను పీఠభూమి నుండి వచ్చిన పోలీసులు ఈ విధముగా గెలుచుట చూచి దేశము ఆశ్చర్యపడెను.

ఆశ్చర్యము ఒక యేటితో తీరలేదు. 1951, 1952, 1953, 1954 సంవత్సరములలో కూడ రోవర్సు కప్పు హైదరాబాదుకే వచ్చెను. వరుసగా ఐదు పర్యాయములు! 1954లో డ్యూరాండు కప్పును తిరిగి దక్కినది. ఐనను ఈ జట్టు ఓటమి నెరుగనిది కాదు. 1952 డ్యూరాండు తుదిపోటీలో ఈస్ట్ బెంగాల్ జట్టు దానిని ఓడించెను. 1955లో రోవర్సు కప్పు మోహన్ బగాన్ పాలయ్యెను. ఆ ఓటములను కూడ కలుపుకొనియే ఈ జట్టు గొప్పతనమును లెక్కింపవలెను. ఏలయన ఓడిన తరువాత అది చెదరిపోలేదు. 1957లో రోవర్సు, డ్యూరాండు కప్పులు రెండును మరల హైదరాబాదు చేరెను.

ఈ విజయముల వెనుక నిలిచినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. వారు 1909లో హైదరాబాదులో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదివిరి. వృత్తిచే బడిపంతులు. తరువాతివారు అందరును ‘రహీం సాబ్’ అని పిలుచుటకు అలవాటుపడిరి. 1950 నుండి 1963లో మరణించు వరకు వారు పోలీసు జట్టుకు శిక్షకులుగా నుండిరి. బడిలో పిల్లలకు పాఠము చెప్పువారు మైదానములోనికి పోయి కూడ పాఠము చెప్పుట మానలేదు. ఇదియే వారి రహస్యమని మేము తలంచుచున్నాము.

ఆ పాఠము లెట్టివో కొంచెము వివరింతుము. సాధారణముగా ఆటగాడు కుడికాలితో బంతిని తన్నును. ఎడమకాలు నిలుచుటకు మాత్రమే పనికివచ్చును. ఎదుటివాడు ఈ సంగతి గ్రహించినచో చాలును, కుడివైపు అడ్డగించి బంతిని గుంజుకొనును. అందువలన రహీం గారు అలవాటులేని కాలితోనే ఆడవలెనను నియమముతో పోటీలు పెట్టించిరి. కొందరు ఆటగాండ్రు బంతిని తమ కాలివద్దనే ఉంచుకొని, ముగ్గురిని నలుగురిని తప్పించుకొనిపోయి, ప్రేక్షకుల చప్పట్లు ఆశింతురు. అట్టివారి కొరకు బంతిని వెంట తీసికొని పరుగెత్తరాదను నియమముతో పోటీలు పెట్టించిరి. బంతి వచ్చిన వెంటనే తోటివానికి అందింపక తప్పదు. పొడవైన పిల్లలు పొట్టివారిని నెట్టివేయుట చూచి, ఇంత ఎత్తుకు మించరాదను నిబంధనతో చిన్నపిల్లలకు వేరుగా పోటీలు నడిపిరి. వీనికి కావలసినది ఒక బంతి, ఒక మైదానము, చెప్పినమాట వినిపించుకొనగల ఒక గురువు. ఖర్చు స్వల్పము, ఫలము అపారము. హైదరాబాదు జట్టు చిన్న చిన్న అందింపులతో బంతిని నేలమీదనే నడిపించుచు ఎదుటివారిని అలయజేయుట ఈ అభ్యాసముల నుండి పుట్టినదే.

రెండవ కారణము కొలువు. పేదయింటి పిల్లవానికి ఆట ఎంత వచ్చినను, పొట్ట గడచుట ఎట్లను ప్రశ్న యొకటి వెంటాడుచుండును. పోలీసు శాఖలో ఉద్యోగము ఆ చింతను తీర్చెను. జీతముతోపాటు క్రమశిక్షణయు, ప్రతిదినము కలిసి అభ్యాసము చేయు అవకాశమును దొరకెను. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ వంటి ఆటగాండ్రు ఏండ్ల తరబడి ఒకరి ప్రక్క ఒకరు నిలిచి ఆడిరి. తోటివాడు చూడకయే ఎచ్చటికి బంతి పంపునో వారికి తెలిసియుండెను. కాగితము మీద పదునొకండు పేర్లను ప్రక్కప్రక్కన వ్రాయవచ్చును. వారి నడుమ ఈ ఎరుకను మాత్రము వ్రాయలేము.

సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో ఒక పేద కుటుంబమున పుట్టిన తులసీదాస్ బలరాం కథ ఇట్టిదే. ఆ బాలుని ఆట రహీం గారి కంటబడెను. హైదరాబాదుకు వచ్చి అభ్యాసము చేయుమనిరి. వచ్చి పోవుటకు డబ్బు లేదన్న సంగతి తెలిసి, సైకిలు అద్దెకు తామే సొమ్మిచ్చిరని చెప్పుదురు. ఆ బాలుడు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులోను, 1960లో రోము ఒలింపిక్సులోను భారతదేశము పక్షమున ఆడెను. ఏ వేలములోను ఆ దినమున అతనికొక ధర ఉండెడిది కాదు. ధర లేనివానిలో విలువను గుర్తించుట ఒక యెత్తు, ఆ విలువను పెంచుట మరియొక యెత్తు.

రహీం గారు దేశపు జట్టుకు కూడ శిక్షకులైరి. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో భారతదేశము ఇరానును ఓడించి స్వర్ణపతకము పొందెను. మరుసటి యేడే హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10-1 గోలులతో ఘోరముగా ఓడెను. మనవారిలో పెక్కుమంది బూట్లు లేకయే ఆడిరి. ఆ పరాజయము తరువాత మన దేశమున బూట్లు తప్పనిసరి యయ్యెను. 1956లో మెల్‌బోర్నులో ఆస్ట్రేలియాను 4-2 గోలులతో గెలిచి భారతదేశము నాలుగవ స్థానమున నిలిచెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో మన దేశమునకు అంతకు మించిన స్థానము ఇంతవరకు లభింపలేదు.

1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలు రహీం గారి కడపటి పరీక్ష. అప్పటికే వారిని కాన్సరు వ్యాధి పీడించుచుండెను. జర్నైల్ సింగ్ అను ఆటగాడు వెనుక వరుసలో నిలిచి గోలును కాపాడువాడు. కాగితము మీద అతని స్థానము అదియే, మరియొకటి కాదు. అతని తలకు గాయమై కుట్లు పడెను. రహీం గారు అతనిని ఇంటికి పంపలేదు. వెనుక వరుస నుండి తీసి ముందు వరుస నడుమ నిలిపిరి. అతడు గోలులు చేసెను! తుదిపోటీలో దక్షిణ కొరియాపై భారతదేశము 2-1 గోలులతో గెలిచెను. ఒక గోలు ప్రదీప్ కుమార్ బెనర్జీది, రెండవది జర్నైల్ సింగ్‌ది. ఏ అంకెల పద్దు చూచి ఈ నిర్ణయము చేయగలము? మనిషిని ఎరిగినవారే చేయగలరు.

1963 జూన్ 11వ తేదీన రహీం గారు కాలధర్మము చెందిరి. అప్పటికి ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టు అను పేరు పొందిన ఆ జట్టు ఆ యేటి రోవర్సు కప్పును కూడ గెలిచెను. అది తొమ్మిదవ పర్యాయము. అదియే కడపటిది. గురువు నేర్పిన పాఠము కొంతకాలము నిలిచినది గాని, ఆ పాఠమును తరువాతి పిల్లలకు చెప్పు పంతులు దొరకలేదు. మంచి ఆటగాండ్రను కలకత్తా క్లబ్బులు సొమ్మిచ్చి తీసికొనిపోయినవి. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్ చేరెను. జీవితపు కడపటి రోజులు వంగదేశములోనే గడపి 2023లో అచ్చటనే మరణించెను. వెళ్ళినవారిని నిందింప పనిలేదు. ప్రతిభకు తగిన ప్రతిఫలము కోరుట తప్పు కాదు. వెళ్ళినవాని స్థానమున నిలుచుటకు మరియొకడు సిద్ధముగా లేకపోవుటయే లోపము. 2024లో ‘మైదాన్’ అను హిందీ చలనచిత్రము వచ్చిన తరువాత గాని రహీం గారి పేరు తెలియనివారు మనలో ఎందరో కలరు.

ఈ సంగతులు మర్రిగూడ వంటి గ్రామమునకు ఏమి చెప్పుచున్నవి? మా ప్రాంతము మెట్టభూమి. ఇచ్చటి భూగర్భజలములోని ఫ్లోరైడు తరతరముల బిడ్డల పండ్లను గారపట్టించెను, ఎముకలను వంచెను. నీటిలోని ఫ్లోరైడును పటిక, సున్నములతో తొలగించు విధానమునకు ప్రపంచమున ‘నల్లగొండ పద్ధతి’ యను పేరు వచ్చినదనిన, ఈ జిల్లా ఎంత బాధ పడినదో ఊహింపవచ్చును. తదుపరి కృష్ణానది నీరు ఇండ్లకు వచ్చెను. కాళ్ళు వంగిన పెద్దల యెదుట వారి మనుమలు సూటిగా పరుగెత్తుట ఇచ్చట చిన్న విషయము కాదు. ఆ పరుగునకు చోటు కావలెను. 2022లో రాష్ట్ర ప్రభుత్వము గ్రామగ్రామమున క్రీడాప్రాంగణములు నెలకొల్పు పథకమును ప్రారంభించినది. బోర్డు నిలుపుటతో ప్రాంగణము పూర్తికాదు. సాయంకాలము అచ్చటికి పిల్లలను పిలుచువారు, వారితో నిలుచువారు కావలెను.

మేము గ్రామోపాధ్యాయులకు, యువకులకు ఒక చిన్న మనవి చేయుచున్నాము. వారమున కొక్కనాడు పిల్లలచేత ఎడమకాలి పోటీ ఆడింపుడు. మరియొక వారము బంతిని పట్టుకొని పరుగెత్తరాదను నియమము పెట్టుడు. పొట్టివారిని వేరుగా ఆడింపుడు. ఆడపిల్లలను గట్టుమీద కూర్చుండబెట్టక మైదానములోనికి దింపుడు. ఇవి ఒక బడిపంతులు కనిపెట్టిన ఉపాయములు. మరియొక బడిపంతులు వీనిని నడుపలేకపోవుటకు కారణము కనబడదు.

స్నేహితులారా, సెలవురోజులలో మీరు కాగితముపై జట్లు కూర్చుకొనుడు. ఎవరి పద్దు పెద్దదో వాదించుకొనుడు. ఆ వినోదమును మేము కాదనము. పదునొకండు మంది ప్రసిద్ధుల పేర్లు వ్రాసిన తరువాత, ఆ పుటలోనే పండ్రెండవ పేరుగా మీ ఊరి పిల్లవాని పేరో, పిల్ల పేరో ఒకటి వ్రాయుడు. ఆ పేరునకు ప్రక్కన ఈనాడు అంకెలేవియు ఉండవు. వచ్చు యేటికి ఒకటి రెండైనను ఉండునట్లు చూచుట మీ పని.