క్యూ కర్ర – దంతపు తొడుగు

బిలియర్డు బల్లమీద బంతిని కొట్టే కర్రకు క్యూ అని పేరు. ఆట రానివారు సైతం చేతితో చేసిన ఈ కర్రలను ఏరి కూర్చుకొంటారంటే శ్రోతలలో కొందరికి వింతగా తోచవచ్చు. వాయించడం రానివారు బొబ్బిలి వీణను ఇంట నిలుపుకొని మురిసిపోవడం లేదా? ఇదీ అటువంటిదే. పైగా ఆట మనకు పరాయిది కాదు. స్నూకరు 1875లో జబల్పూరు సైనిక శిబిరంలో పుట్టింది.

రష్యాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన జార్జి బలబుష్క (1912–1975) చేసిన కర్రలు నేడు సేకర్తల పాలిటి నిధులు. 1986 నాటి 'ద కలర్ ఆఫ్ మనీ' చలనచిత్రం ఆ పేరును ఊరూరా చాటింది. చిత్రంలో కనిపించే కర్ర మాత్రం వేరొకరు ఆ పోలికతో చేసినది!

ఇంతకూ సొగసు ఎక్కడున్నది? మేపుల్ కొయ్యను ఏళ్ల తరబడి ఆరబెడతారు. ఒక్క పెట్టున సన్నబరచక, తరిమెన మీద కొద్దికొద్దిగా చెక్కుతూ, నడుమనడుమ నెలలపాటు ఊరక ఉంచుతారు. తొందరపడితే కొయ్య వంగుతుంది. పిడిలోని నల్లకొయ్య పైనున్న మేపుల్‌లోకి ఈటె మొనలవలె చొచ్చుకొనిపోతుంది. ఆ నాలుగు మొనలూ ఒక్క ఎత్తున ముగిశాయా, అతుకు మీద గోరు తగులుతున్నదా అని చూడాలి. ఏటికొప్పాక అంకుడు కర్ర భరిణెకు మూత ఎంత నిండుగా అమరిందో చూచి మెచ్చుకొనే కన్ను మనకున్నది. ఆ కన్ను ఇక్కడా చాలును.

కర్ర కొనన, తోలు బిళ్ల కింద, ఒక అంగుళం మేర తెల్లని తొడుగు ఉంటుంది. పాత కర్రలలో తరచు అది ఏనుగు దంతం. బంతులు కూడా ఒకప్పుడు దంతంతో చేసినవే. 1869 ప్రాంతాన హయత్ సెల్యులాయిడ్ కనిపెట్టిన పిదప క్రమంగా మారాయి. కర్రలలో దంతం మిగిలిపోయింది. దంతపు తొడుగుంటే దెబ్బ ఇంపుగా పలుకుతుందని సేకర్తలు కొందరు అంటారు. మాకు ఆ మాటలో నాదం కంటె వెలే ఎక్కువగా వినవస్తుంది.

ఆ దంతం చాలావరకు ఆఫ్రికాది. అయినా వేటగానికి ముట్టే ధర మన అడవి ఏనుగు తలమీదా ఉన్నది. రామకుప్పం వారికి ఏనుగు దూరపు ముచ్చట కాదు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవులనుంచి మందలు ఈ సీమకు వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. రామకుప్పం మండలంలోని ననియాలలో అటవీశాఖవారు మచ్చిక ఏనుగులను ఉంచి, అడవి ఏనుగులను పొలాలనుంచి మళ్లించే ప్రయత్నం చేశారు. పంటలు నేలపాలైనాయి, మనుషులు మరణించారు. కరెంటు తీగలు తగిలి ఏనుగులూ చచ్చాయి. ఏనుగు బతకడానికయ్యే ఖర్చును ఇక్కడి రైతు మోస్తూ ఉండగా, దాని దంతం మరొకరి అద్దాల బీరువాలో అలంకారంగా ఉండడం మాకు రుచించదు.

1972 నాటి వన్యప్రాణి చట్టానికి 1986లోను, 1991లోను జరిగిన సవరణలతో మన దేశంలో దంతపు వ్యాపారం నిషిద్ధమైంది. విదేశంనుంచి పాత కర్ర తెప్పించుకోదలచినవారు ముందుగా ఆ తెల్లని తొడుగు దేనితో చేసినదో అడగాలి. నేటి పనివారు గట్టి రెసిను తొడుగులు వేస్తున్నారు. పెద్ద పోటీలలో ఆడేవారికి వాటితో కొరత ఏమీ లేదు. ఇంట ఇప్పటికే పాత కర్ర ఉన్నవారు, తోలు బిళ్ల మార్చేటప్పుడు తొడుగు పైముఖాన్ని భూతద్దంతో చూడవచ్చు. ఒకదానినొకటి దాటిపోయే సన్నని వంపు గీతలు కనిపిస్తే అది దంతం.