పూర్వ విద్యార్థుల ఋణము



కళాశాలను విడిచి యేండ్లు గడచినవారు ఏటేట నొకచోట గూడుట యిప్పుడు మన సీమయందును వాడుకయైనది. నంద్యాలలోని యొక కళాశాల పూర్వ విద్యార్థి సంఘమున నేనును సభ్యుడను. ఆళ్లగడ్డ ప్రాంతపువారు మాలో పలువురు గలరు. ఇట్టి సంఘములు చేయుచున్న పనిని, చేయదగిన పనిని గూర్చి నాలుగు మాటలు విన్నవించెదను.

కూడినప్పుడు మేము చేయునదేమి? వృద్ధులైన గురువులకు శాలువలు గప్పుదుము. గతించినవారిని దలచుకొందుము. భక్ష్యములతో భోజనము చేసి, ఛాయాపటము దీయించుకొని యిండ్లకు మరలుదుము. ఇది తప్పని నేననను. శిష్యుడు వచ్చి పాదములంటినప్పుడు గురువునకు గలుగు సంతోషము నేనెరుగనిది కాదు. అయినను శాలువతో విద్యాఋణము తీరునా? ఋషుల ఋణము అధ్యయనాధ్యాపనములచే దీరునని పెద్దలు చెప్పిరి. అనగా మనకు వచ్చిన విద్య మన వెనుకవారికి అందినప్పుడే ఆ ఋణము దీరును.

మన సీమచరిత్రయే యిందుకు సాక్ష్యము. 1800లో నైజాము ప్రభువు కుంఫిణీవారికి వదలిన యీ ప్రాంతములకు దత్తమండలములని పేరు వచ్చెను. 1916లో అనంతపురమున దత్తమండల కళాశాల వెలసెను. అందు అధ్యాపకులైన చిలుకూరి నారాయణరావుగారు 1928లో మన నంద్యాలలో జరిగిన సభయందు దత్తమండలములను మాటకు మారుగా రాయలసీమ యను పేరును ప్రతిపాదించిరి. ఆ కళాశాలలో జదివిన నీలం సంజీవరెడ్డిగారు 1977లో నంద్యాలనుండి లోకసభకు ఎన్నికై, ఆ యేడే రాష్ట్రపతియైరి. ఒక విద్యాలయపు అధ్యాపకుడు మనకు పేరొసగెను. విద్యార్థి మనకు ప్రతినిధియయ్యెను. విద్యాలయము ఫలము దాని గోడలలోపల నుండదు, ఎక్కడెక్కడనో పండును.

ఇక మా సంఘమున జరిగిన యొక సంగతి. కొన్ని యేండ్ల క్రిందట కళాశాల ముందట రాతి ద్వారము నిలిపి, దాతల పేరులు దానిపై జెక్కింపవలెనని తీర్మానించితిమి. ఆళ్లగడ్డ శిల్పుల చేతిపని జగమెరిగినది. రాతికి గాని పనివారికి గాని కొదువలేదు. నేనును సంతోషముతో దలయూపితిని. అంతియ కాదు, ద్వారముపై జెక్కుటకు ఒక పద్యమును గూడ రచించితిని.

వెల నిర్ణయించుటకై ఆళ్లగడ్డనుండి యొక శిల్పిని బిలిపించితిమి. ఆయన కొలతలు దీసికొని, పేరుల పట్టిక చదివి, నన్ను జూచి మెల్లగా నిట్లనెను: “అయ్యవారూ, నేనూ ఈ కాలేజీలో రెండేండ్లు చదివినవాణ్నే. మూడో ఏడు ఫీజు కట్టలేక నిలిచిపోతిని. నేను మీ సంఘంలో లెక్కకు వస్తానా, రానా?”

ఎవరును మారుపలుకలేదు. పట్టము బుచ్చుకొన్నవారే సభ్యులని మా నిబంధన. మెట్టు చివర నిలిచినవానిని మేము లెక్కలోనికే దీసికొనలేదు.

మరుసటి సభలో వాదము చాలసేపు జరిగెను. తుదకు ద్వారమును వాయిదావేసి, ఆ ధనమును చివరి సంవత్సరపు పేద విద్యార్థుల పరీక్షరుసుములకును, బస్సు ఖర్చులకును వినియోగించుటకు నిశ్చయించితిమి. ఆళ్లగడ్డనుండి నంద్యాలకు సుమారు 40 కిలోమీటరులు; దినదినము వచ్చిపోవు పిల్లకు బస్సు ఖర్చు చిన్నది కాదు. సహాయము పొందినవారి పేరు సభలో జదువరాదనియు, లెక్కలు మాత్రము ప్రతియేట సభలో జదువవలెననియు నియమము లేర్పడినవి. పేరు చెక్కనిచో సొమ్మీయమని వెనుదీసినవారును గలరు. శిల్పి పేరు సభ్యుల పుస్తకమున జేరినది. నా పద్యము పెట్టెలోనే యున్నది. అందులకు కొంచెము విచారము లేదనినచో నది అసత్యమగును.

ఇచ్చట రఘుమహారాజు కథ జ్ఞప్తికి వచ్చుచున్నది. వరతంతు శిష్యుడైన కౌత్సుడు గురుదక్షిణకై పదునాలుగు కోట్ల ధనము నర్థించి వచ్చెను. కుబేరుడు కురిపించిన ధనమంతయు గైకొమ్మని రఘువు పట్టుపట్టెను; గురువునకు జెల్లవలసినదానికంటె నొక కాసైనను నెక్కుడు వలదని కౌత్సుడు నిరాకరించెను. దాత యట్లుండవలెను, గ్రహీత యట్లుండవలెను. సంఘపు ధనము చేతబట్టినవారికి ఈ రెండు గుణములును వలయును.

అందుచే సంఘములను 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టము క్రింద నమోదు చేయించి, లెక్కలు సరిగా నుంచుట మేలు. 1994లో నేర్పడిన న్యాక్ సంస్థవారు కళాశాలల యోగ్యత నిర్ణయించుటలో పూర్వ విద్యార్థుల తోడ్పాటును గూడ బరిశీలించుచు వచ్చిరి. తనిఖీ కొరకు కాగితముపై బుట్టిన సంఘము, తనిఖీతోడనే నిద్రించును.

గ్రామవృద్ధులారా! మీతో నాకు ముఖ్యముగా నొక మనవి. నంద్యాల 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి జిల్లా కేంద్రమైనది. ఊరూరినుండి పిల్లలు అచ్చటికి జదువబోవుచున్నారు. వారిలో ఎవరు ఎప్పుడు చదువు మానిరో సంఘమునకు దెలియదు. మీ రచ్చకట్టకు దెలియును. పుస్తకములు అటకెక్కిన నాడే, మీ యూరిలో ఆ కళాశాలలో జదివినవానిని బిలిచి చెప్పుడు. ఏడాది గడచిన పిమ్మట జెప్పిన ప్రయోజనము స్వల్పము. ఆ కబురు సకాలమున నందించుట మీవంతు. అందుకొని కదలుట మావంతు.

సెలవు.