పదహారు గడులు చూపించి అమ్మిన కంప్యూటర్

ఈసారి వెకేషన్‌కి పోతూ పిల్లలకి పాత కంప్యూటర్ తీసుకెళ్దామనుకుంటున్న వాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్ల కోసమే ఈ ఎపిసోడ్. నేనేమీ కంప్యూటర్ ఇంజనీర్ని కాదు. నాది ఐటీఐ, ఎలక్ట్రీషియన్ ట్రేడ్. ఇప్పుడు షార్జాలో సైట్ సూపర్‌వైజర్‌ని. ఈ విషయంలో నాకొచ్చిన జ్ఞానమంతా డబ్బులు పోగొట్టుకుని సంపాదించిందే.

2022 చివర్లో మా వాడు జగిత్యాల దగ్గర పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమాలో చేరాడు. ఆటోక్యాడ్ నేర్చుకోవాలి, ఇంట్లో కంప్యూటర్ కావాలి. నేను ఒక శుక్రవారం ఇండస్ట్రియల్ ఏరియాలో పాత కంప్యూటర్లమ్మే షాపుకి పోయాను. అక్కడతను ఒక పెద్ద టవర్ ఆన్ చేసి, టాస్క్ మేనేజర్ తెరిచి చూపించాడు. స్క్రీన్ మీద పదహారు గడులు. "చూడు భాయ్, పదహారు! సర్వర్ ప్రాసెసర్. కొత్తప్పుడు దీని ఒక్క చిప్పే 1,500 డాలర్లు. ఆ పక్కన ఉన్నది మామూలు ఐ7, ఎనిమిదే" అన్నాడు.

1,500 డాలర్ల మాట అబద్ధం కాదు. అది ఇంటెల్ జియాన్ ఈ5-2670. 2012లో వచ్చినప్పుడు ధర అంతకంటే కాస్త ఎక్కువే. పక్కనున్న ఐ7-2600 ఏమో 2011 నాటిది, కొత్తప్పుడు 300 డాలర్ల లోపు. ఐదింతల ఖరీదైన వస్తువు కొద్ది తేడాతో దొరుకుతుంటే ఎవడు వదులుతాడు? 700 దిర్హాములు ఇచ్చాను. కార్గోకి ఇంకో 160. మొత్తం మన డబ్బుల్లో 19 వేల పైమాటే. రెండు నెలల ఓటీ అందులోనే పోయింది.

ఫోన్ చేసినప్పుడల్లా "ఎట్లుందిరా?" అంటే "మంచిగుంది బాపూ" అనేవాడు. 2024లో నేను ఇంటికి పోయేసరికి దాని మీద పాత తువ్వాలు కప్పి ఉంది. వాళ్లమ్మ చెప్పింది: "వాడు దాన్ని ముట్టక ఆర్నెల్లాయె. దోస్తు ఇంటికి పోయి గీసుకొస్తుండు. నీకు చెప్తే బాధపడ్తవని చెప్పలే."

ఆ రాత్రి ఇద్దరం దాని ముందు కూర్చున్నాం. వాడు ఒక పెద్ద డ్రాయింగ్ తెరిచి హాచ్ కొట్టాడు. కర్సర్ తిరుగుతూనే ఉంది. టాస్క్ మేనేజర్ పెట్టి చూపించాడు. పదహారు గడుల్లో ఒక్కటి పైదాకా లేచింది, ఒకటి రెండు కాస్త కదిలాయి, మిగతావన్నీ కింద పడుకుని ఉన్నాయి. అప్పుడు అర్థమైంది నాకు. ఇది మన సైట్ సంగతే!

వంద మీటర్ల ప్రహరీ గోడ ప్లాస్టరింగ్ అనుకోండి, ఎనిమిది మంది మేస్త్రీలను పెడితే ఎనిమిది చోట్ల పని నడుస్తుంది. అదే ఒక చిన్న బాత్రూంలో టైల్స్ వేయాలంటే? ఒక్కడే పడతాడు. మిగతా ఏడుగురు బయట కూర్చుని చాయ్ తాగుతారు, హాజరు మాత్రం వేయాల్సిందే. కోర్లంటే మేస్త్రీలు. గిగాహెర్ట్జ్ అంటే చేతి వేగం. ఆటోక్యాడ్ పని చాలావరకు బాత్రూం టైల్స్ లాంటిది, ఒక కోర్ మీదే నడుస్తుంది.

ఇప్పుడు ఆ రెండు చిప్పులూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ శాండీ బ్రిడ్జ్ తరానివే, అంటే మేస్త్రీల పనితనం ఒకటే. జియాన్‌లో ఎనిమిది కోర్లు, 2.6 గిగాహెర్ట్జ్, ఒక్క కోర్ మీద పని పడితే టర్బోలో 3.3 దాకా పోతుంది. ఐ7లో నాలుగు కోర్లు, 3.4, టర్బోలో 3.8. అంటే ఒంటరి పనిలో 300 డాలర్ల చిప్పే దాదాపు 15 శాతం ముందుంటుంది. అందరూ కలిసి చేసే పనిలో మాత్రం జియాన్ ఒకటిన్నర రెట్లు పైనే లాగుతుంది. ఇక ఆ పదహారు గడులంటారా, అవి థ్రెడ్లు, కోర్లు కావు. కోర్లు ఎనిమిదే. ఒక్కో మేస్త్రికి రెండు తాపీలిచ్చి ఇద్దరని లెక్క రాసినట్టు. కొంత లాభం ఉంటుంది, రెట్టింపు మాత్రం కాదు.

నా తప్పులు ఇంకా ఉన్నాయి. ఈ5 జియాన్లలో లోపల గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు ఉండాల్సిందే. నా టవర్‌లో ఉన్న పాత క్వాడ్రో కార్డు చెడిపోతే స్క్రీన్ మీద బొమ్మే రాదు. ఐ7-2600లో చిన్నదైనా సొంత గ్రాఫిక్స్ ఉంది. ఇక ర్యామ్. సర్వర్‌కి వాడే రిజిస్టర్డ్ ర్యామ్ చవగ్గా దొరుకుతుంది, అది మామూలు ఐ5, ఐ7 బోర్డుల్లో పనిచేయదు. చవగ్గా ఉందని కొనుక్కుపోతే తాళంచెవికి కూడా పనికిరాదు.

కరెంటు గురించి చెప్పకపోతే నా ట్రేడ్‌కే అవమానం. జియాన్ చిప్పు 115 వాట్లది. నా దగ్గరున్న ప్లగ్ మీటర్ పెట్టి చూస్తే, ఏ పనీ లేకుండా ఊరికే ఆన్‌లో ఉంటేనే ఆ టవర్ 95 వాట్లు తాగుతోంది. ఇంట్లో ఉన్న చిన్న యూపీఎస్ మీద పెడితే, కరెంటు పోగానే కూయడం మొదలుపెట్టి, వాడు ఫైల్ సేవ్ చేసేలోపే చేతులెత్తేసేది. ఇక్కడ క్యాంపులో కరెంటు బిల్లు మనకు తెలియదు కాబట్టి ఈ లెక్క మన బుర్రలోకి రాదు. ఊళ్లో వస్తుంది.

తర్వాత ఏం చేశామో చెప్తాను. ఇద్దరం సికింద్రాబాద్ పోయి, సీటీసీలో రెండు మూడు షాపులు తిరిగి, ఆఫీసుల నుంచి వచ్చిన చిన్న డెస్క్‌టాప్ ఒకటి తీసుకున్నాం. ఐ5-8500, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ, 13 వేలు. కార్గో లేదు, కస్టమ్స్ భయం లేదు. ఆ చిప్పు 2018ది. ఆరు కోర్లు, 3.0 గిగాహెర్ట్జ్, టర్బో 4.1, 65 వాట్లు. తరం కొత్తది కాబట్టి ఒక్కో కోర్ పనితనమే మెరుగు. ఒంటరి పనిలో నా జియాన్‌ని చాలా దూరం వదిలేస్తుంది, కోర్లన్నీ కలిసి చేసే పనిలో దాదాపు సమానంగా వస్తుంది. అదే మీటర్ పెడితే ఊరికే ఉన్నప్పుడు 20 వాట్లు దాటలేదు. తేడా 75 వాట్లు. రోజుకి ఎనిమిది గంటలు అనుకుంటే నెలకి 18 యూనిట్లు.

ఎనిమిదో తరమే ఎందుకంటే, విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకునే మామూలు ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్పులు అక్కడి నుంచే మొదలు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అందుకే ఆఫీసులు నాలుగో తరం, ఆరో తరం డబ్బాలు గుట్టలుగా బయట పడేస్తున్నాయి, ఇక్కడి షాపుల్లో ధరలు చూస్తే నోరూరుతుంది. ఐ7-4790 లాంటిది మంచి చిప్పే, నాలుగు కోర్లు, టర్బో 4.0. పిల్లలు టైపింగ్ నేర్చుకోవడానికి, లైనక్స్ వేసుకోవడానికి అయితే తీసుకోండి. చదువుకి నాలుగేళ్లు నడవాలంటే మాత్రం నేనైతే తీసుకోను.

ఇప్పటికే నాలాగా ఈ5 టవర్ కొనేసిన వాళ్లు బాధపడకండి. ముందు హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయించండి. తెరుచుకునే ఆలస్యం సగం అక్కడే పోతుంది. తర్వాత, బోర్డు ఒప్పుకుంటే, అదే సాకెట్ ఎల్‌జీఏ 2011లో ఈ5-1620 అనే చిప్పు ఉంది. నాలుగే కోర్లు, కానీ 3.6, టర్బో 3.8. ఆటోక్యాడ్‌కి ఎనిమిది కోర్ల అన్న కంటే ఈ నాలుగు కోర్ల తమ్ముడే నయం. పేరు చివర చూసుకోండి. ఈ5-2670 అనే నంబరుతోనే వీ2, వీ3 కూడా ఉన్నాయి. వీ2కి పది కోర్లు, సాకెట్ ఇదే, అయినా పాత బయోస్ దాన్ని గుర్తుపట్టకపోవచ్చు. వీ3కి పన్నెండు కోర్లు, సాకెట్ వేరు, ఈ బోర్డులో కూర్చోదు. ఒక్క అక్షరం, ఒక్క అంకె చూడకుండా డబ్బులిచ్చేయకండి.

నా టవర్ ఏమైందంటారా? మా బామ్మర్ది పెళ్లి వీడియోలు తీస్తాడు, వాడికిచ్చాను. వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే పదహారు గడులూ పైదాకా లేస్తాయి. రాత్రి పెట్టి పడుకుంటాడు, పొద్దున్నకి పెళ్లి తయారు. "బావా, బంగారం లాంటి మిషన్ ఇచ్చినవ్" అంటాడు. కరెంటు బిల్లు వాడిదే కాబట్టి నేనేం మాట్లాడను.

మొన్న మా వాడు కొత్త డెస్క్‌టాప్ మీద రెండంతస్తుల ఇంటి ప్లాన్ గీసి వాట్సాప్‌లో పంపాడు. లంచ్ బ్రేక్‌లో చూశాను. మెట్టు ఎత్తు 210 మిల్లీమీటర్లు పెట్టాడు. "మీ నానమ్మ ఎక్కుతుందారా ఈ మెట్లు?" అని అడిగాను. సాయంత్రానికి 150కి దించి, రెండు వైపులా మెట్లు పెంచి మళ్లీ పంపాడు.