నీడలో తేయాకు, పైన కరెంటు

టోక్యో నుంచి మాట్లాడుతున్నాను. నేను చేసేది కంప్యూటర్ల ఉద్యోగం, చదివింది కూడా అందులోనే ఎమ్మెస్. వ్యవసాయం మీద మాట్లాడబోతున్నానంటే మా ఆవిడ నవ్వింది. అయితే రెండేళ్ళుగా మా టీము రాస్తున్న సాఫ్ట్‌వేరు కరెంటు మీటర్ల లెక్కలు చూస్తుంది. ఆ మీటర్లలో కొన్ని టీ తోటల్లో ఉన్నాయి. టీ తోటలో కరెంటు మీటరెందుకు అన్న కుతూహలం నన్ను ఇక్కడిదాకా తెచ్చింది.

ముందు మాచా సంగతి. మీరే దేశంలో ఉన్నా కాఫీ షాపులో ఆ ఆకుపచ్చ పానీయం చూసే ఉంటారు. మీ పిల్లలు అడిగి మరీ తాగుతూ ఉంటారు. 2024 చివర్లో దానికి గిరాకీ ఎంత పెరిగిందంటే, క్యోటోలో పేరున్న పాత దుకాణాలే మనిషికి ఇన్ని డబ్బాలే అని పరిమితి పెట్టాయి. ఆ పొడికి అంత పచ్చదనం రంగు కలిపితే వచ్చింది కాదు, నీడ వల్ల వచ్చింది.

తేయాకు మొక్క వేళ్ళలో థియనిన్ అనే పదార్థం తయారవుతుంది. టీకి ఆ కమ్మదనం ఇచ్చేది అదే. అది ఆకులోకి ఎక్కాక ఎండ తగిలితే కాటెకిన్లుగా మారుతుంది, అంటే వగరు. ఎండ తగలనివ్వకపోతే కమ్మదనం ఆకులోనే ఉండిపోతుంది. పైగా వెలుతురు చాలని మొక్క ఉన్న కాస్తనీ పట్టుకోవడానికి పత్రహరితం ఎక్కువ చేసుకుంటుంది, ఆకు ముదురు పచ్చగా మారుతుంది. అందుకే మాచా ఆకు కోసే ముందు ఇరవై రోజులకు పైగా తోటను కప్పేస్తారు. నూటికి ఎనభై, తొంభై వంతుల వెలుతురు ఆపేస్తారు. పూర్వం ఉజి ప్రాంతంలో పందిరి కట్టి, దాని మీద రెల్లు తడికలు పరిచి, వాటి మీద వరిగడ్డి చల్లేవారు. ఇప్పటికీ అలా చేసేవాళ్ళు కొందరున్నారు. తక్కినవాళ్ళు నల్లటి ప్లాస్టిక్ నెట్ వేస్తున్నారు.

తేయాకుకు నీడ మనదేశంలోనూ కొత్తేం కాదు. అస్సాం తోటల్లో నీడ కోసమే చెట్లు పెంచుతారు, నీలగిరుల్లో సిల్వర్ ఓక్ కనిపిస్తుంది. మన అరకులో కాఫీ కూడా అదే సిల్వర్ ఓక్ కింద పెరుగుతుంది, ఆ చెట్లకే మిరియాల తీగ పాకిస్తారు. అంటే పైన ఒక ఆదాయం, కింద ఒక ఆదాయం అనే ఆలోచన మన గిరిజన రైతులకు ఎవరూ నేర్పక్కర్లేదు. జపాన్‌వాళ్ళు చెట్టు స్థానంలో సోలార్ ప్యానెల్ పెట్టారు, అంతే తేడా.

ఆ ఆలోచన నాగషిమా అకిరా అనే ఆయనది. వ్యవసాయ యంత్రాల ఇంజనీరు. రిటైరయ్యాక జీవశాస్త్రం చదువుకున్నాడు. మొక్కకు వెలుతురు ఒక హద్దు దాకానే ఉపయోగపడుతుంది, ఆపైన పడిన ఎండ దానికి అక్కరకు రాదు అన్న పాఠం దగ్గర ఆయన ఆగిపోయాడు. అక్కరకు రాని ఆ ఎండను మనం తీసుకుంటే పోలా అనుకుని 2004లో నమూనా కట్టాడు. దానికి సోలార్ షేరింగ్ అని పేరు. రిటైరయ్యాక చదువుకునేవాళ్ళంటే నాకు ముందునుంచీ గౌరవం. ఈయన సంగతి చదివాక అది ఇంకాస్త పెరిగింది.

2011లో ఫుకుషిమా ప్రమాదం జరిగింది. 2012 జులైలో సోలార్ కరెంటును ఇరవై ఏళ్ళపాటు ఖాయమైన రేటుకు కొనే పథకం మొదలైంది. 2013 మార్చిలో వ్యవసాయ శాఖ పొలాల్లో స్తంభాలు పాతడానికి అనుమతి ఇచ్చింది. షరతు ఏమిటంటే కింద పంట పండాలి, దిగుబడి ఆ ప్రాంతపు సగటు కన్నా 20 శాతానికి మించి తగ్గకూడదు. ఆ అనుమతి మొదట మూడేళ్ళకొకసారి తిరగరాయించుకోవాల్సిందే. 2018 నుంచి కొన్ని షరతుల మీద పదేళ్ళదాకా ఇస్తున్నారు.

షిజువోకా టోక్యో నుంచి బుల్లెట్ ట్రైన్లో గంట, గంటన్నర ప్రయాణం. చాలా కాలం జపాన్ టీకి అదే రాజధాని. 2024లో తొలిసారి కగోషిమా దాన్ని దాటేసింది. అక్కడి తోటలు కొండవాలున, రైతులు ముసలివాళ్ళు. 2024లో దేశం మొత్తం మీదే రైతుల సగటు వయసు 69కి దగ్గరగా ఉండేది. నేను చూసిన తోట యజమాని డెబ్భై దాటిన మనిషి. ఇద్దరు చెరోవైపు పట్టుకుని నడిచే మిషనుతో భార్యాభర్తలే ఆకు కోస్తారు. నెట్ పరచడం, తీయడం అన్నింటికన్నా నడుం విరిచే పని అని ఆయన అన్నాడు. ప్యానెళ్ళ స్తంభాలు వచ్చాక వాటికే తీగలు లాగి, నెట్‌ను కర్టెన్‌లాగా జరుపుతున్నాడు.

అన్నట్టు, ప్యానెళ్ళ నీడ ఒక్కటే మాచాకు సరిపోదు. అవి ఆపేది మూడో వంతు, మహా అయితే సగం. పూర్తిగా కప్పేస్తే కోత తర్వాత మొక్క తేరుకోలేదు, దానికీ ఎండ కావాలి. కాబట్టి కోత ముందు నెట్, తక్కిన ఏడాదంతా పలచని నీడ. ఇంకో లాభం మంచు. వసంతం మొదలై ఎనభై ఎనిమిదో రోజున, అంటే మే 2 ప్రాంతంలో, కోతలు జోరందుకుంటాయి. అంతకుముందు ఏ రాత్రయినా మంచు గడ్డకడితే లేత చిగురు మాడిపోతుంది. అందుకే జపాన్ టీ తోటల్లో స్తంభాల మీద ఫ్యాన్లు ఉంటాయి, పై గాలిని కిందికి తోస్తాయి. ప్యానెల్ తలమీద ఉంటే రాత్రి నేల వేడి అంత త్వరగా ఆకాశంలోకి పోదు.

కష్టాలు లేవా అంటే ఉన్నాయి. వాన పడితే ప్యానెల్ అంచు నుంచి నీళ్ళు ఒకే గీతలో కారి మట్టి కోసుకుపోతుంది. సన్నటి ప్యానెళ్ళు ఎడం ఎడంగా పెడితే ఇది తగ్గుతుంది. టీ వరుసల మధ్య దూరం 1.8 మీటర్లు, స్తంభాలు దానికి తగ్గట్టు పాతకపోతే ఎక్కి నడిపే కోత మిషను తిరగదు. తుపానులు సరేసరి.

ఇక డబ్బు. నాకు అర్థమయ్యే భాష ఇదే. పావు ఎకరంలో 50 కిలోవాట్లు పెట్టారనుకోండి. ఒక కిలోవాట్ ఏడాదికి సుమారు 1,100 యూనిట్లు ఇస్తుంది, మొత్తం 55,000 యూనిట్లు. 2012 రేటు యూనిట్‌కు 40 యెన్లు, అంటే ఏడాదికి 22 లక్షల యెన్లు. 2023కు ఆ రేటు 10 యెన్లకు పడిపోయింది. అదే లెక్కన 5 లక్షల 50 వేలు.

40 యెన్లు వచ్చిన రోజుల్లో ఏం జరిగిందో మీరు ఊహించగలరు. కొన్నిచోట్ల కింద పంట పేరుకే మిగిలింది. ఏదో నాలుగు మొక్కలు నాటి పైన కరెంటు అమ్ముకున్నారు. చివరికి 2024 ఏప్రిల్‌లో రూల్స్ బిగించారు, ఆగస్టులో 300కు పైగా కేంద్రాలకు ప్రభుత్వం చెల్లింపులు ఆపేసింది. తేయాకులో ఈ మోసానికి ఆకర్షణ తక్కువ అని నా అభిప్రాయం, ఎందుకంటే నీడలో పెరిగిన ఆకుకు కొనేవాడు ఎక్కువ డబ్బే ఇస్తాడు. పైన ప్యానెల్ ఉండటం కింద పంటకు మేలయితేనే రైతు తోటను వదిలిపెట్టడు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, అనంతపురం వైపు మా చిన్నాయనకు ఏడెకరాలుంది. ఒక సోలార్ కంపెనీవాళ్ళు ఇరవై అయిదేళ్ళు దాటిన లీజు కాగితం పట్టుకొచ్చారు. మన రాయలసీమకు ఇది కొత్త కాదు, కర్నూలు దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కే సుమారు 6 వేల ఎకరాల్లో ఉంది. చిన్నాయన నాకు ఫోన్ చేసి, "ఒరే, జపాన్‌లో కింద పంట పైన కరెంటు అన్నావు గదా, నా చేన్లో చెనిక్కాయ పండుతాదా?" అన్నాడు.

టీకి పనికొచ్చింది వేరుశనగకు పనికొస్తుందని నేను చెప్పలేదు. తేయాకు నీడను ఓర్చుకునే మొక్క, వేరుశనగ ఎండను అడిగే మొక్క. నీడలో పండిన చెనిక్కాయకు ఎవడూ ఎక్కువ రేటు కట్టడు. కాబట్టి ఆయన్ని కంపెనీని అడగమన్న ప్రశ్నలు వేరే. ప్యానెళ్ళు ఎంత ఎత్తున పెడతారు? ట్రాక్టరు తిరుగుతుందా? కింద ఏ పంట వెయ్యాలో నిర్ణయించేది ఎవరు, పండకపోతే నష్టం ఎవరిది? గడువు తీరాక ఆ ఇనుము, ఆ కాంక్రీటు పీకేసే ఖర్చు ఎవరిది? జపాన్‌లో అనుమతి ఇచ్చేటప్పుడే తీసేయడానికి డబ్బుందా అని చూస్తారు. మన దేశంలో 2019లో వచ్చిన పీఎం కుసుమ్ పథకంలోనూ సాగుభూమి అయితే ప్యానెళ్ళను ఎత్తు స్తంభాల మీద పెట్టవచ్చని ఉంది. కానీ చిన్నాయనకు వచ్చిన కాగితంలో పంట అన్న మాటే లేదు.

ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది. తెలుగులో రాసి ఇమ్మని అడిగాడు, వచ్చే వారం ఇస్తామన్నారట. అప్పటిదాకా సంతకం పెట్టనని నాకు మాటిచ్చాడు. మీ ఇళ్ళలో కూడా ఇలాంటి కాగితాలు వచ్చి ఉంటే, ప్యానెళ్ళ కింద ఏదైనా పండించి చూసినవాళ్ళు మీ ఊళ్ళో ఉంటే, ఈ కార్యక్రమానికి ఫోన్ చేసి చెప్పండి. మా చిన్నాయన వింటానన్నాడు.