అడిగి వెళ్లినవాళ్ల లెక్క

అమ్మిన సరుకు లెక్క మన దగ్గర ఉంది. ఈ ఏడు నుంచి, అడిగి లేదంటే వెళ్లిపోయినవాళ్ల లెక్క కూడా రాద్దాం. కొత్త గిరాకీ ముందు తెలిసేది అక్కడే.

ఒకప్పుడు కొర్రలు, సామలు లేనోళ్ల తిండి అన్నారు. తర్వాత షుగరు ఉన్నవాళ్లు అడగడం మొదలుపెట్టారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక అందరి నోటా అదే మాట. అయితే మాట వేరు, కొనడం వేరు. కొర్ర రవ్వ ఉందా, అరకిలో ప్యాకెట్టు ఉందా అని ఎవరు అడిగినా రాసుకోవాలి.

ముందు 5 కిలోల రవ్వ పట్టించి చూద్దాం. కొన్నవాళ్లే మళ్లీ వస్తే పెంచుదాం. లింకేజీ అప్పు తెచ్చి ఒకేసారి బస్తాలు దించితే పురుగు పట్టేది సరుక్కి, వాయిదా కట్టాల్సింది మనం. వచ్చే నెల మీటింగుకు ఆ పుస్తకాలు తీసుకొద్దాం.