చిన్న చేతులకు సూది, దారము



పలకపై గీత గీయగల పిల్లలు గుడ్డపై కుట్టు వేయగలరు. ఆరేడేండ్ల వయస్సు అందుకు చాలును. అయినను మన ఇండ్లలో అంగీ గుండీ ఊడినచో దర్జీ వద్దకు పంపుటయో, ఆ అంగీని మూల పడవేయుటయో అలవాటైనది. కుట్టు తెలిసిన అవ్వ ఇంట ఉన్నది. నేర్చుకొనదగిన మనుమలు, మనుమరాండ్రు ఉన్నారు. ఆమె చూపు ఆననంతటి కాలము వచ్చిన పిదప ఆ విద్యను ఎవరు చెప్పుదురు?

కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములకు సూదిపని కొత్త కాదు. ఆదిలాబాదు చలి ఎల్లరు ఎరిగినదే. ఆ చలికి బొంతయే ఆధారము. మెత్తబడిన పాత నూలు చీరలను మడచి, నడుమ చినిగిన ధోవతులు పరచి, ఈ కొననుండి ఆ కొనకు వరుసలుగా కుట్టుదురు. ఆ వరుసలు పొరలను కదలనీయవు. పొరల నడుమ నిలిచిన గాలి వెచ్చదనమును కాపాడును. ఇక తండాలలో లంబాడీ స్త్రీల దుస్తులను చూడుడు. అద్దమునకు రంధ్రము లేదు. దాని చుట్టును దారముతో కట్టు అల్లి గుడ్డకు నిలుపుదురు. నిత్యము ఆ దుస్తులు ధరించువారు తగ్గిన కొలది ఆ కుట్టు నేర్చు బాలికలును తగ్గుచున్నారు.

2016 వరకు కరీంనగరము జిల్లాలో నుండి, పిదప వేరు జిల్లాకు కేంద్రమైన సిరిసిల్ల మరమగ్గముల పట్టణము. అచ్చటి నేతవారి కష్టసుఖములు మనము ఎరుగనివి కావు. గుడ్డ వెనుక ఇంత శ్రమ ఉన్నదని పిల్లలకు మాటలతో చెప్పుటకంటె, జానెడు గుడ్డను వారిచేత కుట్టించుట మేలు.

ముందుగా సరంజామా. చెవి పెద్దదైన సూది, మూరకు మించని దారము, పాత నూలుగుడ్డ. పాలియెస్టరు జారును, అంచులు పోగులు వీడును. తొలికుట్టుకు అది తగదు. దారము గుడ్డకు భిన్నమైన రంగులో ఉన్నచో కుట్టు ఎచ్చట వంకరపోయినదో పిల్లలే కనుగొందురు. పనికి ముందును, ముగిసిన పిదపను సూదులు లెక్కింపవలెను. పెద్దవారు ప్రక్కన కూర్చుండవలెను.

మొదటి పని గుండీ కుట్టుట. రెండవది గవ్వల సంచి. జానెడు వెడల్పు, రెండు జానల పొడవు గల గుడ్డను తీసికొనుడు. పొట్టి అంచులు రెండింటిని రెండు వ్రేళ్ల మేర లోనికి మడచి, నాడా దూరుటకు వీలుగా కుట్టుడు. పిమ్మట మంచివైపు లోపలికి వచ్చునట్లు గుడ్డను సగమునకు మడచి, నాడా దారికి దిగువనుండి ఇరుప్రక్కల కచ్చా కుట్టు దగ్గర దగ్గరగా వేయుడు. తిరగవేసి నాడా ఎక్కించినచో సంచి సిద్ధము. పచ్చీసు గవ్వలకైనను, చింతగింజలకైనను చాలును.

మూడవది చిన్న బొంత. మూడు పొరలు పరచి, నాలుగు మూలలను, నడుమను కుట్టి కదలకుండ చేయుడు. పిదప వ్రేలెడు దూరములో వరుసలు వేయింపుడు. ఇంటిలో ముగ్గురు పిల్లలున్నచో తలకొక వరుస. ఎవరి వరుస ఏదియో వారు ఏండ్ల తరబడి గుర్తింతురు.

ఇచ్చట తల్లులకు ఒక మనవి. బిడ్డ వేసిన వంకర కుట్టును రాత్రివేళ విప్పి మీరు చక్కదిద్దవలదు. ఉదయమున చూచిన బిడ్డకు తన పని పనికిరానిదని తోచును; మరల సూది పట్టదు. కుట్టు ఊడినచో అది ఏల ఊడెనో చూపి, వారిచేతనే వేయింపుడు. మరియొక మాట: ఇది ఆడపిల్లల పని అని మగపిల్లలను లేవనీయవలదు. మనకు అంగీలు కుట్టు దర్జీలలో అనేకులు మగవారే గదా!

దసరా సెలవులలో అవ్వ పాత చీర నొకదానిని అడిగి తీసికొనుడు. రోజునకు ఒక వరుస చొప్పున కుట్టినను, చలి ముదురునాటికి ఇంటిలోని పసిబిడ్డకు చాలినంత బొంత అమరును. ఏ వరుస ఎట్లు వేయవలెనో అవ్వనే అడుగుడు. ఆమె సంతోషముతో చెప్పును.