గాలి ఎవరిది? భూమి ఎవరిది?

(అనంతపురం ప్రాంత కూలీల సభలో చేసిన ప్రసంగం)



కరెంటు వద్దనడానికి మేం రాలేదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసిన బాబాసాహెబ్ అంబేద్కరే, చౌకగా, పుష్కలంగా కరెంటు కావాలని 1943లో వాదించారు. మేం అడిగేది ఒకటే. ఆ కరెంటు కోసం ఎవరి భూమి పోతోంది? ఎవరి జేబు నిండుతోంది?

రామగిరి కొండల మీద గాలిమరలు 1990లలోనే లేచాయి. అప్పట్లో మర పెట్టిన కంపెనీ దాని ఖరీదంతా మొదటి ఏడాదే తరుగుదల కింద రాసుకుని పన్ను తప్పించుకోవచ్చు. రెక్క సరిగ్గా తిరిగినా తిరగకున్నా ఆ లాభం ఖాయం. ఆ రాయితీ తర్వాత 80 శాతానికి, 2017లో 40 శాతానికి దిగింది.

కల్పవల్లి సంగతి చూడండి. రెవిన్యూ లెక్కల్లో అది బీడు. కానీ 1990ల మొదట్నించీ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు 7 వేల ఎకరాలకు పైగా కాపలా కాసి, మంటలార్పి పచ్చగా చేశారు. గొర్రెకు మేత, పొరకకు గడ్డి, పొయ్యిలోకి పుల్ల అక్కడివే. 2010 తర్వాత ఆ కొండలెక్కి గాలిమరలు వచ్చాయి. ఒక్కో స్తంభం కింద పోయే జాగా కొంచెమే. పొడుగాటి రెక్కలు మోసే లారీ పోవాలంటే మాత్రం కొండను తొలిచి వెడల్పు దారి వేయాలి. తొలిచిన మట్టి వానకు జారి వంకలో పడుతుంది. వంక పూడితే చెరువుకు నీళ్లేవి? 2013లో ఈ గోడు చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది.

ముందే ఎందుకు అడగలేదంటారా? 2006 నాటి పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్‌లో గాలి కరెంటు లేదు. కాబట్టి ఊరిని కూర్చోబెట్టి అడగాల్సిన పనే లేదు. 2016లో దాన్ని కాలుష్యం లేని 'తెల్ల' జాబితాలో కూడా చేర్చారు.

ఇక రేటు. మన డిస్కములు యూనిట్‌కు 4 రూపాయల 84 పైసల దాకా 25 ఏళ్లకు రాసిచ్చాయి. 2017 డిసెంబరులో గుజరాత్ వేలంలో అదే గాలి కరెంటు 2 రూపాయల 43 పైసలకు పలికింది. 2019లో రాష్ట్ర ప్రభుత్వం రేటు తగ్గించబోతే, ఒప్పందం ప్రకారమే కట్టాలని 2022 మార్చిలో హైకోర్టు చెప్పింది. పైగా గాలి బలంగా వీచేది జూన్ నుంచి సెప్టెంబరు దాకే. మిగతా రోజులకు బొగ్గు కరెంటు సిద్ధంగా ఉంచాలి. ఆ ఖర్చూ మన బిల్లులోకే వస్తుంది.

కంపెనీ కాగితానికి 25 ఏళ్ల బలం ఉంది. మన డి-పట్టా కాగితానికి ఏ బలముంది? ఆ భూములు అమ్మడం, కొనడం కుదరదని 1977 చట్టం కట్టడి చేసింది. 2023లో దాన్ని సవరించి, 20 ఏళ్లు దాటిన పట్టాదారుకు అమ్ముకునే వీలిచ్చారు. అమ్ముకునే హక్కు మంచిదే. అప్పులో ఉన్నోని దగ్గరికి దళారి వస్తే అదే హక్కు ఉరి అవుతుంది. అందుకే చెబుతున్నాం:

1. చదివించుకోకుండా ఏ కాగితం మీదా వేలిముద్ర వేయకండి.
2. అమ్మకం వద్దు, కౌలు అడగండి. ఏటేటా పెరిగే కౌలు.
3. గ్రామసభ ఒప్పుకోకుండా కొండ మీద దారి వేయనివ్వకండి.
4. మేత బీడును బీడని రాస్తే, అది ఎవరి బతుకో అర్జీ పెట్టి రాయించండి.

గాలిని ఎవడూ పుట్టించలేదు. ఆ కొండను కాపాడింది మాత్రం మనం. లెక్కలో మన వాటా తేల్చాకే రెక్క తిరగాలి.

జై భీమ్!